ఎనిమిది లెక్కపెట్టేదాకా

పటాన్‌చెరు,
6 నవంబరు 1977, ఆదివారం

చిన్నమ్మకు ముకుంద్ నమస్కారాలు.

చెల్లి కమల కాలికి కట్టు విప్పారా? నాందేడ్ నీళ్ళు నీకు పడటం లేదని బావ రాశాడు. కాచి తాగమంటే నువ్వు వినవు, "కాచిన నీళ్ళు చచ్చిన నీళ్ళు" అంటావు. అక్కడైనా వేడి గిన్నెలు వట్టి చేత్తో దించకు. నీకు వేడి తెలియదని మేం చిన్నప్పుడు నవ్వేవాళ్ళం గానీ, ఈ వయసులో చేతులు కాలితే మానవు. ఇక్కడ నేనూ విమలా బాగానే ఉన్నాం. నీ చింతకాయ తొక్కు జాడీలో అడుగు కనిపిస్తోంది.

ఒక చెడ్డ కబురు రాయాలి. నిన్న సంగారెడ్డి వెళ్ళి మన ఇల్లు తాళం తీశాను. మొన్నటి వానలకు నడిమింటి గోడ ఉబ్బి, అమ్మ ఫోటో చెడిపోయింది. అద్దం లోపలికి నీళ్ళు దిగి కాగితం ముద్దయింది. చీర అంచు, ఒడిలో నా కాళ్ళు కనిపిస్తున్నాయి. ముఖం ఉండాల్సిన చోట పసుపు మరక మిగిలింది. నలభై మూడేళ్ళవాణ్ణి, ఫ్యాక్టరీ ల్యాబ్‌లో నా కింద ఆరుగురు పనిచేస్తారు, ఆ గోడ కింద కూర్చుని ఏడ్చాను.

నువ్వు మరోలా అనుకోకు. అమ్మ పోయిన ఏడాదికే, పదమూడేళ్ళ వయసులో, అక్క బిడ్డను సాకడానికి నాన్నను చేసుకుని వచ్చావు. నాకు అన్నం పెట్టినా, నెత్తిన మొట్టినా నువ్వే. కానీ నన్ను కన్న మనిషి ముఖం నాకు ఆ ఒక్క కాగితం మీదే ఉంది. నా పద్దెనిమిదో రోజున పోయింది. నాకేం గుర్తుంటుంది?

పటాలు కట్టే సత్తయ్య దగ్గరికి తీసుకెళ్ళాను. చూసి, "ఇది బాగుగాదు సేటూ. గని దీని గాజు నా తాన దొర్కొచ్చు" అన్నాడు. ఆ ఫోటో తీసిన నరసరాజు పోయాక, ఇంటివాళ్ళు పాత గాజు పలకలన్నీ తూకానికి అమ్మేశారట. సత్తయ్య వాటిని సోడా నీళ్ళతో కడిగి దేవుడి పటాలకు అద్దాలుగా బిగిస్తున్నాడు. ఎంతమంది ముఖాలు కడిగేశాడో. మూడు పెట్టెలు మిగిలితే, మూడోదాంట్లో మన దుకాణం పేరు రాసిన కవరు దొరికింది. వెలుతురుకు పట్టి చూశాను. గాజు మీద నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. అయినా గుర్తుపట్టాను.

కాగితానికి ఉప్పునీళ్ళు, వెండి మందు పట్టించి, గాజు పలకను దానిపై బిగించి ఎండలో పెడితే బొమ్మ దానంతటదే వస్తుందట. పూర్వం అలాగే చేసేవారు. ఆ పద్ధతి సత్తయ్యకు తెలుసు, మందుల సంగతి నాకు తెలుసు. మాఘమాసంలో అమ్మ తద్దినానికి పీట మీద పెట్టేలా ఎలాగైనా చేస్తాను.

అమ్మ చీర ఏ రంగు? నువ్వప్పుడు జోగిపేటలో మీ మేనమామ ఇంట్లో ఉన్నావు, నిజమే. కానీ అక్క చీరలు చెల్లెలికి తెలియకుండా ఉంటాయా?

నీ
ముకుంద్


నాందేడ్,
15-11-77

నాయనా ముకుందూ, నువ్వు, విమల సల్లగుండాలె.

నీ ఉత్తరం బడిపుస్తకం లెక్క ఉంటది. నాకు గట్ల రాయరాదు, నోట్లకెంచి వచ్చినట్టే రాస్త, తప్పులు దిద్దకుంట చదువు.

కమల కట్టు విప్పిండ్రు. కర్ర పట్టుకొని నడుస్తున్నది, నడిచేదానికన్న లొల్లి జాస్తి. మొన్న దాని చిన్నోడు పగటిపూట పండుకుంటె నేను తట్టి లేపిన్నని నా మీద కస్సుమన్నది. "నిద్రపోయే పిలగాన్ని ఎవరన్న లేపుతరా అమ్మా, నీకు గిదేం రోగం?" అన్నది.

ఫోటో పోయిందంటివి. పోనియ్యి నాయనా. మనిషే పోయినంక కాగితం ఉంటదా? గాజు దొరికిందన్నవ్, దాన్ని సత్తయ్యకే ఇచ్చెయ్. కడిగి ఏ వెంకన్న పటానికో బిగిస్తడు, పుణ్యమన్న వస్తది. దాన్ని ఎండల పెట్టకు. నేనెన్నడన్న నిన్ను ఇది చెయ్యకు అని బతిమాలిన్నా? ఇప్పుడు బతిమాలుతున్న. పోయినోళ్ళను ఎండల పెట్టొద్దు.

తద్దినానికి పటమెందుకు? పీట మీద చెంబు పెట్టి పసుపుబొట్టు పెడితె చాలు. మీ నానమ్మ ఉన్నన్నాళ్ళు గట్లనే చేసింది, ఆమె ఆ పటం ముందు ఎన్నడు నిలవడలె.

చీర రంగు నాకు తెల్వది. నేను లేను గద అక్కడ. ఆకుపచ్చ, ఎర్రంచు అని ఎవరో అనంగ విన్న.

నీ చిన్నమ్మ
రుక్మిణి


పటాన్‌చెరు,
4 డిసెంబరు 1977

చిన్నమ్మా,

కోప్పడకు, నీ మాట వినలేదు. కానీ చదివితే నువ్వే సంతోషిస్తావు. అమ్మ వచ్చింది.

మూడు ఆదివారాలు పట్టింది. మొదటి రెండు కాగితాలూ నల్లబడి పాడైపోయాయి. మూడోసారి సత్తయ్య ఒక కిటుకు చెప్పాడు. ఉప్పునీళ్ళలో కోడిగుడ్డు తెల్లసొన గిలక్కొట్టి పూస్తే మందు కాగితం లోపలికి ఇంకదు, బొమ్మ పైనే నిలుస్తుంది. గుడ్డు మాట వినగానే విమల కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పక్క క్వార్టర్ కొమురయ్య ఇంట్లో గిలక్కొట్టించి, వాళ్ళ ఇంటి మీదే ఆరబెట్టాను. తర్వాత చీకటిగదిలో వెండి మందు పూసి, గాజు పలకకు బిగించి, మా మేడ మీద ఎండలో పెట్టాను.

మధ్యమధ్యలో చట్రం మూల ఎత్తి చూడవచ్చు. మొదట చీర మడతలు వచ్చాయి, తర్వాత పెదవులు, అన్నిటికన్నా ఆలస్యంగా కళ్ళు వచ్చాయి. ఆ కళ్ళను చూడగానే నాకు అయిదేళ్ళు వచ్చేశాయి. "అమ్మ నన్నే చూస్తోంది" అని నేను అన్నప్పుడల్లా నువ్వు విసురుగా లేచి వంటింట్లోకి వెళ్ళేదానివి. నీకు కోపం వస్తుందనుకుని తర్వాత అనడం మానేశాను.

నా ముఖం మాత్రం లేదు. మసిగుడ్డతో తుడిచినట్టు చెదిరిపోయి ఉంది. ఆ కాలం పలకలకు వెలుతురు చాలేది కాదట, నరసరాజు ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెట్టేవాడట, అందాకా కదలకుండా ఉండాలట. నేను పసివాణ్ణి, కదిలాను. అమ్మ మాత్రం రవంత కూడా కదల్లేదు. కనుబొమ్మల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. సత్తయ్య ఆశ్చర్యపోయాడు: "నలభై ఏండ్ల సంది పటాలు కడుతున్న. గింత కుదురుగ కూసున్న మనిషిని నేను సూడలె."

ఒకటే చిక్కు. మా పేటలో ఫ్యాక్టరీల గాలి మంచిది కాదు, ఆ వాసనకు వెండి చెంబులే నల్లబడతాయి. అచ్చువేసిన కాగితం వారానికే పసుపు తిరిగింది. మళ్ళీ చేయాలి. పాత ఫోటోలాగే ఉండాలని మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించిన అట్ట పెట్టి అంతవరకే తీశాను. ఈసారి పలక మొత్తం తీస్తాను, చుట్టుపక్కల మన పాత ఇల్లేమైనా కనిపిస్తుందేమో.

నిద్ర మాటంటే గుర్తొచ్చింది. నన్ను కూడా అలాగే లేపేదానివి కదా! పెద్ద చదువులకు వెళ్ళేదాకా ఒక్క మధ్యాహ్నం కూడా నిండా పడుకోనివ్వలేదు. కమల తప్పేం లేదు.

ముకుంద్


నాందేడ్,
12-12-77

ముకుందూ,

ఛీ ఛీ, కోడిగుడ్డుల ముంచినవారా మీ అమ్మను! వంకాయల పురుగు కనవడితె ఆ పూట అన్నం మానేసే మనిషిరా ఆమె. నీకు సదువు ఎక్కువైంది, బుద్ధి తక్కువైంది. విమలకు చెప్పు, ఆ కాగితాన్ని పారే నీళ్ళల్ల వదిలిపెట్టమను.

చెయ్యకుంట ఉండలేనంటివా, గంజి పెట్టు. నూలుచీరకు పెడ్తం గద, పల్సటి బియ్యపు గంజి. గట్టిగ పెట్టి ఆరేస్తె మందు లోపలికి ఎట్ల ఇంకుతది? గీ మాత్రం సత్తయ్యకు తెల్వదా?

గని ముకుందూ, ఆ గుండ్రం లోపల ఎంత వచ్చిందో అంతే చాలు. మొత్తం ఎందుకు? ఆ గోడలు చూసి ఏం చేస్తవ్, గోడలు ఇప్పటికి ఉన్నయి గద. నరసరాజు పెద్దమనిషి, ఎంత చూపియ్యాల్నో అంతే చూపిచ్చిండు. నా మాట మీద అట్ట తియ్యకు.

నా మీద ఒట్టు అని రాద్దామనుకున్న. ఒట్లు నాకు అచ్చిరాలె, అందుకే రాస్తలేను.

చిన్నమ్మ


పటాన్‌చెరు,
26 డిసెంబరు 1977

శ్రీమతి రుక్మిణి గారికి,

గంజి బాగా పనిచేసింది. బొమ్మ నిలిచింది. పలక మొత్తం తీశాను.

అమ్మ వెనక దుప్పటి కట్టి ఉంది. ఆ దుప్పటి సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. నాలుగు వేళ్ళు అమ్మ కుడిచేతి రెట్టను గట్టిగా పట్టుకున్నాయి. చీర అక్కడ నలిగిపోయింది. పాత ఫోటోలో అట్ట కింద దాగింది ఆ చెయ్యే. చిటికెనవేలు బయటికి వంగి ఉంది. ఆ వేలు నాకు తెలియదా? ఆ చేత్తోనే కదా ఇన్నేళ్ళు అన్నం తిన్నాను.

మీరు జోగిపేటలో ఉన్నారు. అక్క పోయేదాకా సంగారెడ్డి ముఖం చూడలేదు. పోయేదాకా నాన్న అదే చెప్పాడు, నానమ్మ అదే చెప్పింది, మీరూ చెప్పారు. మరి ఈ చెయ్యి ఎవరిది?

సత్తయ్యను అడిగాను. చెప్పనన్నాడు, ఒత్తిడి చేస్తే చెప్పాడు: "అప్పట్ల బజారంత అనుకున్నరు సేటూ. రెండో పెండ్లాం ముందుగాల్నే ఇంట్ల ఉండె, అది చూసి చూసి పెద్దామె దిగులుతోని పోయిందని. మనకెందుకు గాని." ఎవరో అన్న మాట నేను నమ్మను. మీరే చెప్పండి. ఆ ఇంట్లో అమ్మ బతికుండగానే మీరెందుకున్నారు? దుప్పటి వెనక దాక్కుని ఆమెను ఎందుకు పట్టుకున్నారు?

ముకుంద్


నాందేడ్,
3-1-78

నాయనా,

ఆ చెయ్యి నాదే. నేను అక్కడ్నే ఉన్న. అక్కకు తెల్వది నేను ఎనక ఉన్నట్టు. నన్ను నిలవడుమన్నది మీ నానమ్మ.

ఇంతకన్న కాగితం మీద రానియ్యలేను. తద్దినానికి వస్త, నీ ముందర కూసోని చెప్త. అందాక ఎవ్వరికి చూపెట్టకు. పుణ్యముంటది.

నన్ను గారు అని రాసినవ్. ముందుకు చదవబుద్ధి గాక కమలను చదివి పెట్టమన్న, అది చదవలేక ఏడ్చింది.

రుక్మిణి


పటాన్‌చెరు,
15 జనవరి 1978

మీ ఉత్తరం అందింది. అంటే నిజమే. అమ్మకు తెలియకుండా ఆమె వెనక మీరు, మిమ్మల్ని అక్కడ నిలబెట్టింది నానమ్మ. ఆమె పురిటి మంచం దిగకముందే ఇంట్లో అందరూ కలిసి ఇంకో పెళ్ళి నిశ్చయం చేసుకున్నారన్నమాట. తద్దినానికి మీరు రానక్కర్లేదు. నా తల్లికి నేను పెట్టుకుంటాను.

ఇది పొద్దున రాసింది. ఇప్పుడు సాయంత్రం అయిదు.

చిన్నమ్మా, తప్పయింది. ఏమైందో చూడు. ఆ దుప్పటి సందులోంచి నీ ముఖం కనిపిస్తుందేమో చూద్దామని, గాజు మీద పట్టిన జిడ్డు పోవడానికి స్పిరిట్‌లో దూది ముంచి తుడిచిన. దుప్పటి తుడిచిన, చెయ్యి తుడిచిన, అట్లనే పైకి పోయి ముఖం తుడిచిన. దూదికి నల్లగ అంటింది. పెన్సిల్ గీతల లెక్క. ఎండలో పెట్టి తీసిన. అమ్మ కండ్లు లేవు. మూసుకున్నయ్. నిన్నటిదాక నన్ను చూసిన కండ్లు మూసుకున్నయ్ చిన్నమ్మా. ఇంకో కాగితం పెట్టి తీసిన, దాంట్ల గూడ మూసుకునే ఉన్నయ్. తల కూడ ఒక పక్కకు ఒరిగినట్టున్నది, నేను ఇన్నేండ్లు చూడలే.

విమల భయపడి పలకను గది బయట పెట్టింది. నేను ఏం చేసిన? నిన్ను అన్న మాటలకు ఆమెకు కోపం వచ్చిందా? జల్దీ రాయి.


నాందేడ్,
22-1-78

ముకుందూ, నా తండ్రీ,

భయపడకు. ముందుగాల ఆ పలకను మెత్తటి గుడ్డల చుట్టి లోపలికి తెచ్చుకో. బయట పెట్టకు, సలికాలం.

ఆమె నీ మీద కోపంతోని కండ్లు మూసుకోలె. ఆ ఫోటో దిగేటప్పటికి మా అక్క పోయి నాలుగు గంటలైంది.

ఈ ఒక్క మాట నలభై నాలుగేండ్లు గొంతుల పెట్టుకున్న. రాసినంక లేచి పోయి నీళ్ళు తాగి వచ్చిన. ఇగ మొత్తం రాస్త.

మాకు తల్లి లేదు. తల్లి లేని పిల్లకు పుట్టింట్ల పురుడెవరు పోస్తరు? అందుకే అక్క పురుడు సంగారెడ్డిలనే అయింది. వేన్నీళ్ళు కాసుటానికి, నీ గుడ్డలు ఉతుకుటానికి మా మేనమామ నన్ను తెచ్చి దించిండు. నాకు పన్నెండేండ్లు. నువ్వు పుట్టంగ చూసిన, నీ బొడ్డు కోసిన మంత్రసానికి నేనే దీపం పట్టిన. బజారోళ్ళు నన్ను చూసిండ్రు, ముందుగాల్నే ఉండె అన్నది అబద్ధం కాదు. ఎందుకున్నదో వాళ్ళకు తెల్వది.

పదకొండోనాడు పురుడు కడిగిండ్రు. అక్క తలంటు పోసుకొని ఆకుపచ్చ చీర కట్టుకున్నది, ఎర్రంచు. కిటికీలకెంచి చూస్తె నరసరాజు పెట్టె భుజాన ఏసుకొని పోతున్నడు. "అత్తమ్మా, పిలగాన్ని ఎత్తుకొని ఒక్క ఫోటో దిగుత" అన్నది. ఆ ఇంట్ల ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. మీ నానమ్మ, "బాలెంత ఫోటో దిగితె దిష్టి కొట్టి పాలు ఇంకుతయ్, నెల ఎల్లినంక సూద్దాం" అన్నది. చెడ్డది కాదు మీ నానమ్మ, ఆమెకు చెప్పినోళ్ళు గట్ల చెప్పిండ్రు. అక్క నిన్ను ఎత్తుకొని లోపలికి పోయింది. నాలుగొద్దులకు జరం పట్టింది. పద్దెనిమిదోనాడు తెల్లారంగ పోయింది. మీ నాయిన దుకాణానికి చింతపండు కొనుటానికి ఊళ్ళు పట్టుకొని తిరుగుతున్నడు.

ఎవరు ఏడ్వకముందే మీ నానమ్మ తలుపులు మూసి, నరసరాజును పిలిపిచ్చింది. ఆయన రానంటె కాళ్ళు పట్టుకున్నది. "అడిగినప్పుడు నేనే వద్దన్న. నా నోట్ల మన్ను వడ. పిలగానికి తల్లి మొఖం కావాలె అయ్యా" అని తల బాదుకున్నది.

అదే ఆకుపచ్చ చీర కట్టి అక్కను కుర్చీల కూసుండవెట్టిండ్రు. మెడ నిలవలె. ఎనక దుప్పటి కట్టి, దాని ఎనక నన్ను నిలవెట్టిండ్రు. ఎడమ చెయ్యి జడ కింద, కుడి చెయ్యి రెట్ట మీద. "ఎనిమిది లెక్కపెడ్త బిడ్డా. నువ్వు కదిలితె మీ అక్క పడిపోతది, కదలకు" అన్నడు నరసరాజు. నిన్ను ఒడిల పెట్టిండ్రు. మూడు అనంగ నువ్వు ఏడ్వవట్టినవ్. పాల కోసం ఎతుకుతున్నవ్. నీ తల ఆమెకు తాకినప్పుడల్లా నా చేతికి తెలుస్తున్నది. నాలుగు, అయిదు. నేను ఊపిరి గూడ తియ్యలె. ఆరు, ఏడు. అక్క ఎంత సల్లగున్నదో ఏం చెప్పాలె ముకుందూ.

ఎనిమిది అన్నడు. అయినా నేను వదలలె. వదిలితె పడిపోతదని. నా వేళ్ళు ఒక్కొక్కటి ఊడదీసిండ్రు. ఆ నాలుగు వేళ్ళకు అప్పటిసంది వేడి తెల్వది, సలి తెల్వది. మీరు నవ్వేటోళ్ళు, నేను గూడ నవ్విన.

ఇగ కండ్ల ముచ్చట. మూసిన కండ్లు తెరిచినట్టు దిద్దాలంటె చూసుకుంట దిద్దుటానికి కండ్లు కావాలన్నడు నరసరాజు. అక్కవి నావి ఒక్క తీరే ఉంటయ్. మూడోనాడు నన్ను కిటికీ తాన కూసుండవెట్టి, నా కండ్లు చూసుకుంట ఆ గాజు మీద పెన్సిల్‌తోని గీసిండు. "అమ్మ నన్నే చూస్తున్నది" అని నువ్వు అన్నప్పుడల్లా నేను వంటింట్లకు పోయింది కోపానికి కాదురా. కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చేదాన్ని. నిన్ను చూసింది నేనే.

పీనుగ ఒడిల కూసున్న పిలగాడంటె రేపు పిల్లనెవరిస్తరని మీ నానమ్మ భయం. పురుడు కడిగిననాటి ఫోటో అని అందరికి చెప్పింది. చిన్నపిల్లను, నోరు జారుతనని, నేను ఆ ఇంట్ల లేనే లేననిపిచ్చింది. దీపం మీద చెయ్యి పెట్టిచ్చి ఒట్టు తీసుకున్నది. మీ నాయిన గూడ తల్లి మాట మీద గట్లనే అన్నడు, ఫోటో ముచ్చట మాత్రం ఆయనకు గూడ చెప్పలె. ఏడాదికి నన్ను ఆయనకు కట్టవెట్టిండ్రు, అక్క పేరు మీద బంగారు బిళ్ళ నా మెడల ఏసిండ్రు. ఆ పటం కిందనే కాపురం చేసిన.

నిద్రల లేపేదానివి అని రాసినవ్. నువ్వు కదలకుంట పండుకుంటె నాకు పానం నిలవది. తట్టంగనే కసురుకుందువు. అప్పుడు, ఆఁ ఉన్నడు, అనుకొని పోయేదాన్ని.

మొన్నటి ఉత్తరంల అక్కకు తెల్వది అన్నది గందుకు. పోయినోళ్ళకు ఏం తెలుస్తది?

ఇగ నన్ను తద్దినానికి రమ్మంటవో వద్దంటవో నీ ఇష్టం. ఒక్కటే అడుగుత. ఎవరితోని గూడ ఆ కండ్లు మళ్ళ దిద్దియ్యకు. నలభై నాలుగేండ్లు తెరిచి పెట్టినం. ఇగ పండుకోనియ్యి ఆమెను.

నీ చిన్నమ్మ


పటాన్‌చెరు,
31 జనవరి 1978

చిన్నమ్మా,

ఇది నాలుగో కాగితం. మూడు చించేశాను.

డిసెంబరులో, జనవరిలో నేను రాసినవి చించి పొయ్యిలో పెట్టు. ఆ మాటలు నీ దగ్గర ఉండకూడదు. అన్న నోరు నాది, నా దగ్గర ఉంటే చాలు.

పలకను లోపలికి తెచ్చాను. ఇప్పుడు భయం వేయడం లేదు. సత్తయ్య దుకాణానికి వెళ్ళి, "ఆ చెయ్యి మా చిన్నమ్మదే. మా అమ్మ పడిపోకుండా పట్టుకున్న చెయ్యి" అన్నాను. ఇంకేమీ చెప్పలేదు. అతను "నా నోరు మంచిది గాదు సేటూ" అని లెంపలు వేసుకున్నాడు.

తద్దినానికి నువ్వు లేకపోతే నేను పిండం పెట్టను. కళ్ళు మూసుకున్న అమ్మనే గంజి కాగితం మీద తీసి ఉంచాను. అట్ట పెట్టలేదు, నీ చెయ్యి కూడా ఉంది.

ఇంకొకటి. నీ ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు. నా పెళ్ళిలో, కమల పెళ్ళిలో అందరం నిలబడితే నువ్వు పాలు పొంగుతున్నాయని వెళ్ళిపోయావు. ఇప్పుడు ఎందుకో తెలుసు. నరసరాజు పాత కెమెరా, వాడని పలకలు సత్తయ్య దగ్గర ఉన్నాయట. ఒక్కసారి కూర్చుంటావా? వద్దంటే మళ్ళీ అడగను.

నీ కొడుకు
ముకుంద్


పటాన్‌చెరు,
12 మార్చి 1978

చిన్నమ్మా,

నువ్వు బస్సు ఎక్కి వారం తిరగకముందే రాస్తున్నాను. విమల ఇల్లంతా బోసిపోయిందంటోంది.

ఫోటో దీంతో పంపుతున్నాను. నొచ్చుకోకు, బాగా రాలేదు. పలకలు మరీ పాతవి, మేడ మీద అంత ఎండలోనూ ఎనిమిది అంకెలు పట్టాయి. విమల నాలుగు అనేసరికి నువ్వు వణకడం మొదలుపెట్టావు. నువ్వు అడిగావని నేను వెనక నిలబడి నీ రెట్ట పట్టుకున్నాను కదా, ఆ వణుకు నా చేతికి తెలిసింది. ఆరు దగ్గర తల తిప్పి నా వైపు చూశావు. ముఖం చెదిరిపోయింది. చీర వచ్చింది, మెడలో అమ్మ బిళ్ళ వచ్చింది, నా చెయ్యి గోళ్ళతో సహా వచ్చింది. నీ ముఖం మాత్రం నాలుగైదు ముఖాలు ఒకదాని మీద ఒకటి పడినట్టుంది. ఇంకా రెండు పలకలు ఉన్నాయి. ఉగాదికి వస్తే మళ్ళీ తీద్దాం.

ముకుంద్


నాందేడ్,
20-3-78

ముకుందూ,

ఫోటో చేరింది. కమల చూసి నవ్వింది, "అమ్మ దయ్యం లెక్క వచ్చింది" అన్నది. నవ్వనియ్యి.

మళ్ళ తియ్యకు. ఇంతకన్న మంచిగ రాదు. నువ్వు పసిగుడ్డువు ఆ పలక మీద ఎట్లొచ్చినవ్? చెదిరిపోయి వచ్చినవ్. మొఖం లేదని నీకు చిన్నప్పటిసంది దిగులు. నాకైతె ఆ పటంల ధైర్యం ఇచ్చింది అదొక్కటే. కదిలినోడు బతికిండు. పోయినోళ్ళే కుదురుగ వస్తరు నాయనా. నేను గూడ కదిలిన, చూడు. నా మొఖం నాకు చూపెట్టినవ్.

నీ చెయ్యి బాగొచ్చింది. ఎంత గట్టిగ పట్టుకున్నవ్ రా, కొంగు మొత్తం నలిగింది. నీ చెయ్యి వెచ్చగుండె. నా రెట్టకు తెలిసింది.

దీన్ని సంగారెడ్డికి తీస్కపోయి అక్క పక్కన పెట్టు. ఆ ఉబ్బిన గోడకు కాదు, తూర్పు గోడకు. నా దానికి దండ వెయ్యకు, ఇంక టైముంది.

నిన్న పగటిపూట కమల చిన్నోడు నా పక్కన పండుకున్నడు. గంట దాటింది, కదలలె. చెయ్యి తీసిన తట్టుదామని. మళ్ళ ఎనకకు తీసుకున్న. కూసోని చూసుకుంట ఉన్న. లేపలె. ఆకలైనంక వాడే లేచిండు.

నీ చిన్నమ్మ
రుక్మిణి